ఇచ్చట ఎవరి పరువూ చూడబడదు

నా యాభై ఆరేళ్ళ జీవితంలో నేను ఒకే ఒక్క పరీక్షలో జిల్లాకు మొదటిదాన్నయ్యాను. లావు మనుషులంటే ఎవరికి ఎంత చిన్నచూపు ఉందో కొలిచే పరీక్ష అది. నాకు నూటికి తొంభై నాలుగు వచ్చాయి. నేను కూడా లావు మనిషినే కాబట్టి ఈ విజయం మరింత గొప్పదని తర్వాత చాలామంది అన్నారు.

నా పేరు అప్పలనర్సమ్మ. వీరభద్రపేట ఆరోగ్య కేంద్రంలో ఆయాను. మా ఆయన బతికున్న రోజుల్లో నన్ను పీపా అని పిలిచేవాడు. "ఏమే పీపా, అన్నం పెట్టు" అంటే నాకు ఒళ్ళు మండేది. ఆయన పోయి పదేళ్ళయింది. ఇప్పుడు అందరూ నన్ను నర్సమ్మగారూ అంటారు. పీపా అనేవాళ్ళు లేరు.

యాభై ఒకటో ఏట వయోజనుల బడిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. అన్నీ వచ్చాయి గానీ, 'బ'కీ 'ప'కీ నా దగ్గర ఇప్పటికీ తగువు తీరలేదు. బడి అని రాయమంటే పడి అని రాసేదాన్ని. "ఇన్నాళ్ళూ ఎక్కడ పడి ఉన్నారో రాశారా?" అని పంతులమ్మ నవ్వేది. అయినా ఆస్పత్రి మొత్తానికి చదువుకోవాలని చదువుకున్న మనిషిని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా వాళ్ళ నాన్నలు కొడితే చదువుకున్నారు.

అసలు సంగతికి వస్తాను. ఎక్కడో ఏదో ఊళ్ళో ఒక లావుపాటి ఆవిడ చెవిపోటుతో ఆస్పత్రికి వెళితే, డాక్టరు చెవి చూడకుండానే బరువు తగ్గమన్నాడట. ఆవిడ చెవిలో శనగగింజ ఉందట. ఆవిడ పైకి ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు పైకి వెళితే శిక్షణ కిందికి వస్తుంది. అది ప్రకృతి ధర్మం.

శిక్షణ ఇవ్వడానికి జిల్లా సున్నితత్వ సమన్వయాధికారి పురుషోత్తంగారు వచ్చారు. శాలువా కప్పించుకుని మైకు ముందు నిలబడ్డారు.

"మానవ మస్తిష్కపు అంతర్భాగమున గూఢముగా తిష్ఠవేసియున్న అచేతన పక్షపాతమును గుర్తించి, వెలికితీసి, సమూలముగా నిర్మూలించుటయే ఈ కార్యక్రమ ముఖ్యోద్దేశము" అన్నారు.

నేను పక్కనున్న సిస్టర్ సుహాసినిని గోకాను. "ఏటమ్మా అంటన్నారు?"

"మన లోపల ఒకటి ఉంటుందట నర్సమ్మగారూ. ఉన్నట్టు మనకే తెలియదట. దాన్ని బయటికి తీస్తారట."

నులిపురుగుల మాత్ర ఇస్తారనుకుని నేను టీ తాగడం ఆపేశాను.

మాత్ర ఇవ్వలేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఒక బొమ్మ వస్తుంది, ఒక మాట వస్తుంది. రెండూ కలుస్తాయనుకుంటే పచ్చ బొత్తాం, కలవవనుకుంటే ఎర్ర బొత్తాం నొక్కాలి. ఆలోచించకుండా నొక్కాలి. ఆలోచించకుండా పని చెయ్యడం ప్రభుత్వాసుపత్రిలో నాకు ఇరవై రెండేళ్ళుగా అలవాటే. లావుపాటి ఆడమనిషి బొమ్మ, పక్కన 'బద్ధకం' అన్న మాట. పచ్చ. సన్నటి పిల్ల, 'చురుకు'. పచ్చ. లావు మనిషి, 'తిండిపోతు'. పచ్చ. నా వేలు నాకంటే ముందే వెళ్ళిపోయింది. పైగా తెర మీదికి వచ్చిన ప్రతి లావు మనిషీ నా కళ్ళకు మా ఎర్రయ్యమ్మలాగే కనబడింది.

ఎర్రయ్యమ్మ గురించి చెప్పాలి. పొద్దున్న మా ఆస్పత్రి గేటు పక్కన, తర్వాత తట్టతో చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఎండుచేపలు అమ్ముతుంది. నాకు వరసకు వదిన. ముప్ఫై ఏళ్ళ స్నేహం మాది. ఈ స్నేహానికి పునాది ఏమిటని నన్నెవరైనా అడిగితే మంచితనం అనో, కష్టసుఖాలు అనో చెప్పేదాన్ని. నిజం వేరే ఉంది. నా బరువు ఎనభై ఆరు కిలోలు. ఆమె బరువు తొంభై రెండు. ఆమె పక్కన నిలబడితే నేను నాజూకుగా కనబడతాను. పెళ్ళిళ్ళకు, విందులకు నేను ఆమె లేకుండా వెళ్ళేదాన్ని కాదు.

ఆ శిక్షణకు రెండు వారాల ముందే ఎర్రయ్యమ్మ దగ్గుతో మా డాక్టరు కౌశిక్‌గారి దగ్గరికి వచ్చింది. ఆయన మంచి కుర్రాడు. ఆమె గుమ్మంలోకి రాగానే, కుర్చీ వైపు కాస్త భయంగా చూసి, "బరువు తగ్గాలమ్మా" అన్నారు.

"దగ్గొస్తంది బాబూ."

"ఛాతీ మీద బరువు పడుతోంది. అందుకే దగ్గు. అన్నం తగ్గించు, నడువు."

"రోజూ తట్ట నెత్తినెట్టుకుని నాలుగూళ్ళు తిరుగుతాను బాబూ. ఇంకెక్కడికి నడవమంతారు?"

ఆయన అప్పటికే చీటీ రాసేశారు. బయటికి వచ్చాక నేను కూడా, "డాక్టరు బాబు సెప్పినాడు కదే ఒదినా, తిండి తగ్గించు" అన్నాను. చేతిలో ఆమె ఇచ్చిన జంతిక ఉంది. కొరుకుతూనే అన్నాను.

పరీక్ష ఫలితాలు గోడకు అతికించారు. అన్నిటికంటే పైన నా పేరు, దాని పక్కన 'జిల్లాకు ప్రథమం' అని ఉంది. డాక్టరుగారికి ఎనభై ఎనిమిది, రెండో స్థానం. సుహాసినికి ముప్ఫై ఒకటి. పాపం, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బెంగపడకమ్మా, కష్టపడితే నీకూ వస్తాయి" అని ఓదార్చి, అరకిలో మైసూర్‌పాక్ తెప్పించి అందరికీ పంచాను.

డాక్టరుగారు మైసూర్‌పాక్ చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వారు. "నర్సమ్మగారూ, ఈ పరీక్షలో ఎక్కువ వస్తే చెడ్డ. మనిద్దరికీ లావువాళ్ళంటే పడదని దీని అర్థం."

"అదేటి బాబూ? నానే లావుగుంతాను కదా!"

"అందుకే మీరు ఫస్టు, నేను సెకండు."

నేను చెంగు బిగించుకుని పురుషోత్తంగారి దగ్గరికి వెళ్ళి, మార్కులు తిరగబడ్డాయని మనవి చేసుకున్నాను. ఆయన ఉత్తర్వు తీసి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"'అత్యధిక మార్కులు సాధించిన ఉద్యోగిని ఆయా కేంద్రమునకు శరీరపరిమాణ సమభావ పర్యవేక్షకులుగా నియమించవలెను' అని మూడవ పేరాలో స్పష్టముగా ఉన్నది. ఏ మార్కులు అనునది పేరాలో లేదు. లేనిదానిని మనము చదువరాదు."

"కానీ బాబూ, నాకు ఆ రోగం అందరికన్నా ఎక్కువుందంట కదా?"

"దొంగదారులు దొంగకు గాక ఎవరికి తెలియును? పైగా దస్త్రము కదిలిపోయినది. కదిలిన దస్త్రమును వెనుకకు పిలుచుట ఎవరి తరమూ కాదు."

అలా నేను పర్యవేక్షకురాలినయ్యాను. ఒక నోటు పుస్తకం, పెన్ను, నిషిద్ధ పదాల జాబితా ఇచ్చారు. లావు, బండ, బొద్దు, బక్క, పీల, డొక్కు ఇలా ఇరవై నాలుగు మాటలు ఉన్నాయి అందులో. ఆవరణలో ఎవరు ఏ మాట అన్నా పేరు రాసి నెలాఖరుకు పంపాలి. సిబ్బంది ముందు జాబితా నన్నే చదవమన్నారు. పదకొండో మాట పీపా. అక్కడ కొంచెం ఆగి, మంచినీళ్ళు తాగి, పన్నెండో మాట చదివాను.

వారం తిరక్కుండా ఇరవై ఐదో మాట వచ్చింది. అది 'బరువు'. మూలాన్ని వదిలి కొమ్మలు నరికితే లాభం లేదని పైవారికి తోచిందట. ఇక బరువు అనకూడదు, అడగకూడదు, రాయకూడదు, చూడకూడదు. బరువు చూసే మిషనుకు నా చేతనే పూలగుడ్డతో గలీబు కుట్టించారు. నేను కొలత సరిగా తీసుకోలేదు. కాస్త వదులైంది. "మిషను సన్నబడిందా?" అని కాంపౌండరు అన్నాడు. అతని పేరు రాసుకున్నాను.

అప్పుడే పుట్టిన పిల్లల కాగితాల్లో ఆ గడి ఖాళీగా వదలకూడదు, అంకె వెయ్యకూడదు. సుహాసిని బాగా ఆలోచించి, 'శిశువు బరువు'లో బరువు కొట్టేసి, ఎదురుగా 'ఉన్నది' అని రాయడం మొదలుపెట్టింది. ఆ నెల మా కేంద్రంలో పుట్టిన పదిహేనుమందీ ఉన్నారు. గేటు దగ్గర ఎర్రయ్యమ్మ కిలోల లెక్కన అమ్మడం కూడా ఉల్లంఘనే అని తేలడంతో, ఆమె తక్కెడ సంచిలో పెట్టేసి ఎండు నెత్తళ్ళు వాటాలుగా పోసి అమ్మింది. వాటాల్లో ఆమెకు నాలుగు డబ్బులు ఎక్కువే మిగిలాయి. ఈ సంస్కరణ వల్ల నాకు తెలిసి లాభపడింది ఆమె ఒక్కతే.

తర్వాత బోర్డు. వయోజన విద్యకు నేను సజీవ నిదర్శనం కాబట్టి నా చేత్తోనే రాయించాలని పురుషోత్తంగారు పట్టుబట్టారు. 'ఇచ్చట ఎవరి బరువూ చూడబడదు' అని రాయమన్నారు. నీలం రంగుతో, పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా, నాలిక బయటపెట్టి రాశాను. ఆయన రిబ్బను కత్తిరించారు. ఫోటోలు తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. రోగులు వచ్చి చదివి, తలలూపుతూ లోపలికి వెళ్ళేవారు. ఒక ముసలాయన మాత్రం, "ఎన్నాళ్ళకి నిజం రాసినారమ్మా" అని నాకు దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు మూడో రోజున తెలిసింది. సుహాసిని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బోర్డు ముందు నిలబెట్టింది. నేను 'బ' రాయలేదు. 'ప' రాశాను.

'ఇచ్చట ఎవరి పరువూ చూడబడదు.'

దిద్దుతానంటే, అధికారి ప్రారంభించిన బోర్డును ముట్టుకోవాలంటే అధికారి అనుమతి కావాలన్నారు. అనుమతికి రాశాం. అది కదిలిపోయిన దస్త్రం వెనకాల నడుస్తూ ఉండాలి.

మూడో నెలలో తెర వచ్చింది. మాటను ఆపినా చూపును ఆపలేకపోతున్నామని, చూపే పక్షపాతానికి ద్వారమని పైన తేల్చారు. డాక్టరుకు, రోగికి నడుమ నల్లగుడ్డ కట్టారు. రోగి తెర అవతల కూర్చుని చెప్పుకోవాలి, అవసరమైతే చెయ్యి మాత్రం ఇవతలికి చాపాలి. మొదటి వారం డాక్టరుగారు ఒక సన్నగొంతు తాతకు గర్భిణులకిచ్చే బలం మాత్రలు రాశారు. తాత వాడాడు. బాగున్నాయని ఇంకో నెలకు అడిగాడు.

ఈలోగా ఎర్రయ్యమ్మ చిక్కిపోతూ ఉంది.

నాకు ముందే తెలుసు. ఆమె ఒళ్ళు ముప్ఫై ఏళ్ళుగా నేను చూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరు. ముందు రవికె చేతులు వదులయ్యాయి. తర్వాత నడుము. వీధిలో అంతా ఆమెను మెచ్చుకున్నారు. "ఏటి తింతన్నావే, మాకూ సెప్పు" అన్నారు. ఆమె కోడలు దిష్టి తీసింది. ఒక పెళ్ళిలో మేమిద్దరం పక్కపక్కన నిలబడితే, ఎవరో పిల్ల నన్ను చూపించి "ఆ పెద్దామెకి ఇంకో కుర్చీ తెండి" అంది. నాకు ఆ రోజు పెళ్ళిభోజనం సయించలేదు. పగబట్టి వారం రోజులు ఒక పూట అన్నం మానేశాను. రెండో పూట రెండు పూటలదీ తిన్నాను. నా రవికె వేలెడు కూడా వదులవలేదు. ఎర్రయ్యమ్మ మీద పీకలదాకా కోపం వచ్చింది. పర్యవేక్షకురాలిని కాబట్టి ఒక్క మాట పైకి అనలేక, ఆమెతో మాట్లాడటమే మానేశాను.

ఒకనాడు పొద్దున్న ఆమె మళ్ళీ వచ్చింది. తెర ముందు కూర్చుంది.

"చెప్పండి" అన్నారు డాక్టరుగారు తెర లోపలి నుంచి.

"దగ్గు బాబూ. తగ్గలేదు. సాయంత్రమయితే ఒళ్ళు ఎచ్చబడతంది."

తెర లోంచి దగ్గుమందు చీటీ వచ్చింది. అంతే. మొదటిసారి ఆయన కంటికి లావు తప్ప ఎర్రయ్యమ్మ కనబడలేదు. ఈసారి ఎర్రయ్యమ్మే కనబడలేదు.

ఆమె బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది. చేపల తట్ట ఎత్తబోయి ఎత్తలేక, నా వైపు చూసింది.

"ఒదినా, నాతో మాట్లాడవు సరే. తట్టొకసారి నెత్తికెత్తు."

ముఖం ముడుచుకునే వెళ్ళాను. తట్ట రెండు చేతులతో పట్టి లేపితే గాలిలా లేచింది. సగం కూడా లేవు చేపలు.

"ఇదేటే? ఇంతేనా తెచ్చినావు?"

"ఇదే మొయ్యలేకపోతన్నాను" అంది. తట్ట పట్టుకోవడానికి చేతులు పైకెత్తింది. మణికట్టు దగ్గరి గాజులు గలగలా జారి మోచేయి దాటి పైకి వెళ్ళిపోయాయి. ఆ గాజులు వేయించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. సబ్బు రాసినా ఎక్కక, గాజులమ్మి చెమటలు కక్కింది. ఆ రోజు నేను లోపల ఎంత నవ్వుకున్నానో నాకు తెలుసు.

"తిండి మానేసినావా?" అన్నాను.

"నాను మానలేదే. అదే నన్ను మానేసినాది. ముద్ద దిగదు." తర్వాత కాస్త నవ్వింది. "నువ్వే అన్నావు కదే తగ్గించమని. తగ్గిపోనాను. ఇంక సాలంటే ఆగట్లేదే ఒదినా. నాను సచ్చిపోతానేటే?"

పెళ్ళిళ్ళల్లో ఆమె లేకుండా నేను ఎలా కనబడతానో ఆ క్షణంలో నాకు కనబడింది. ఎంత లావుగా కనబడతానన్నది కాదు. పక్కన ఎవరూ లేకుండా కనబడటం.

ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. నేనే కుట్టిన గలీబు నేనే పీకి అవతల పారేశాను.

"ఎక్కు."

"వొద్దే, రాసేస్తారు!"

"రాసేది నానే కదేటి. ఎక్కు!"

డెబ్బై ఎనిమిది. పాత కార్డు మీద తొంభై రెండు. నేను ఆస్పత్రంతా వినబడేలా అరిచాను. "బరువు! బాబూ, బరువు పద్నాలుగు కిలోలు పోనాది! బరువు సూడండి బాబూ!"

డాక్టరుగారు నల్లగుడ్డ తప్పించుకుని బయటికి వచ్చారు. మూడు నెలల తర్వాత ఎర్రయ్యమ్మను చూశారు. పాత కార్డు చూశారు. ఆమె ముందు నేల మీదే గొంతుక్కూర్చుని, ఎన్నాళ్ళుగా దగ్గు, సాయంత్రం జ్వరమా, చెమటలు పడతాయా అని అడిగారు. మొదటి రోజు అడగాల్సినవన్నీ అడిగారు.

కళ్ళె పరీక్షలో క్షయ అని తేలింది. ఆరు నెలలు మందు వాడితే పోతుందన్నారు. చేపల అమ్మకం కొన్నాళ్ళు ఆపమన్నారు.

"నాకు తట్టనే లేదు నర్సమ్మగారూ. క్షయ అంటే బక్కవాళ్ళకే వస్తుందని..." అని డాక్టరుగారు మధ్యలో ఆపేశారు.

'బక్క' జాబితాలో నాలుగోది. ఆయన పేరు రాశాను. దాని కింద నా పేరు కూడా రాసి, 'నిషిద్ధ పదం, మూడు సార్లు' అని నెలాఖరుకు పంపాను. ఉద్యోగం ఉద్యోగమే.

పది రోజులకు మెమో వచ్చింది. 'తాము ఆవరణయందు నిషిద్ధ పదమును త్రివారము ఉచ్చైఃస్వరమున పలుకుటయేగాక, ఆచ్ఛాదిత యంత్రమును అనధికారికముగా అనాచ్ఛాదితము గావించిన కారణమున, తమను విధులనుండి ఏల తొలగించరాదో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను.'

ఒకరి చేత రాయించుకోవచ్చు. కానీ చదువుకున్నదాన్ని. నేనే రాశాను.

'అయ్యా, ఆ రోజు నేను ఎర్రయ్యమ్మ పరువు చూశాను. అంతకు ముందు ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు. చూస్తే చాలా తగ్గిపోయి ఉంది. పరువు అంత తగ్గితే మనిషి బతకదని భయం వేసి అరిచాను. ముందే చూడవలసింది. తప్పు నాదే. ఇట్లు, అప్పలనర్సమ్మ.'

సుహాసిని చదివి నా ముఖంలోకి చూసింది. "ఇది తెలిసి రాశారా, తెలియక రాశారా?"

"అచేతనం" అన్నాను.

పురుషోత్తంగారు విచారణకు స్వయంగా వచ్చి, నా జవాబును నాలుగుసార్లు, జాబితాను రెండుసార్లు చదివారు.

"పరువు అను పదము జాబితాలో లేదు. కావున ఉల్లంఘన లేదు. రోగుల పరువు చూచుట నియమావళికి విరుద్ధమని ఎక్కడనూ లేదు. యంత్రమును సైతము ఈ నిమిత్తము అనాచ్ఛాదితముగా ఉంచవచ్చును" అని రాసి దస్త్రం మూసేశారు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర తలెత్తి బోర్డు చదివారు. రిబ్బను కత్తిరించిన తర్వాత ఆయన దాన్ని చదవడం అదే మొదటిసారి. ముఖం ఎర్రబడింది. బోర్డు వెంటనే దించేయమని, అది రాసిన దుర్మార్గులెవరో కనిపెట్టమని ఆదేశించారు. కనిపెట్టే పని పర్యవేక్షకురాలిగా నాకే అప్పగించారు. విచారణ సాగుతోంది. ఇంతవరకు ఎవరి మీదా అనుమానం లేదు.

తెర వాడకూడదని ఉత్తర్వేమీ రాలేదు. డాక్టరుగారు దాన్ని పక్కకు లాగి కిటికీకి కట్టుకున్నారు.

శిక్షణ ఫలించిందో లేదో చూడటానికి మళ్ళీ అదే పరీక్ష పెట్టారు. ఈసారి నా వేలు రెండు మూడు చోట్ల ఆగింది. అరవై మూడు వచ్చాయి. ముప్ఫై ఒక్క మార్కులు పడిపోయినందుకు, పనితీరులో ఈ క్షీణతకు కారణమేమిటని ఇంకో మెమో వచ్చింది. జవాబు ఇంకా రాయలేదు.

ఆరు నెలల మందు అయిపోయాక ఎర్రయ్యమ్మ పసుపు రాసుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. గుడికి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి మిషను ఎక్కింది.

"ఎంతే?"

"ఎనభై ఎనిమిది."

"నువ్వెక్కు."

ఎక్కాను. ఎనభై ఆరు.

"రెండు కిలోలు నానే ముందున్నాను!" అని చప్పట్లు కొట్టింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మార్కులు అరవై మూడుకు తగ్గాయంటే తగ్గాయి గానీ, పూర్తిగా పోలేదు.

ముల్లు చూస్తూ ఇంకా మిషను మీదే నిలబడి ఉన్నాను. ఎర్రయ్యమ్మ నా నడుము మీద చిన్న దెబ్బ వేసింది.

"సాల్లే, దిగవే పీపా, మిషను ఇరిగిపోద్ది!"

వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు. అందరూ నా వైపు చూశారు. జాబితాలో పదకొండో మాట. వినీ విననట్టు ఊరుకుంటే ఉద్యోగధర్మం కాదు. మిషను దిగి, పుస్తకం తీసి, పెన్ను మూత తీశాను. కాగితం మీద చుక్క పెట్టాను.

ఎంతసేపు ఆలోచించినా 'ప' ఎలా రాయాలో గుర్తు రాలేదు.